అడగని బారెల్

ఆదివారం పొద్దుటి నుంచి వెండెల్ ప్రోహాస్కా తన గరాజులో పిస్తోలు గుండ్లు పోసే రెండు అచ్చులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి గుండ్రటి ముక్కు గుండుది. రెండోది మొద్దు ముక్కుది, దానికి మెడ దగ్గర పదునైన మెట్టు ఒకటి ఉంటుంది. సీసం కరిగి సిద్ధంగా ఉంది. ఏది పొయ్యాలో తేలటం లేదు. ఇంత మాత్రానికి అంత ఆలోచనా అని మీరు నవ్వుతారేమో. నవ్వండి. ఆ పెన్సిల్వేనియా కొండల్లో ఇదే సంగతి మీద వాదించుకుని మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు.

గుండ్రటి ముక్కుదైతే ఏ పిస్తోలైనా నోరెత్తకుండా మింగుతుంది. కానీ గురి చూసి కొట్టే కాగితాన్ని చించిపారేస్తుంది. ఆ చిరుగు పది పాయింట్ల గీతను తాకిందా, తొమ్మిది దగ్గరే ఆగిందా అని భూతద్దం పెట్టి తగువులాడుకోవాలి. మొద్దు ముక్కుది అలా కాదు, కండక్టరు టికెట్టుకి చిల్లు పెట్టినట్టు శుభ్రంగా కోస్తుంది. చూస్తేనే కడుపు నిండుతుంది. కాకపోతే దానికి గీర ఎక్కువ. ఒక పిస్తోల్లో పోయింది కదా అని ఇంకోదాంట్లో పోదు.

ఇంతకీ ఆ గుండ్లు వెండెల్ తనకోసం పోసుకోవటం లేదు. డార్లా ఫ్రిట్జ్ కోసం.

డార్లా ఆ ఊరి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే మనిషి. నలభై తొమ్మిదేళ్ళుంటాయి. ఆరేళ్ళుగా ప్రతి శనివారం పిస్తోలు క్లబ్బులో వెండెల్ కుడి పక్క స్థానంలో నిలబడి ఒంటి చేత్తో కాలుస్తోంది. ఎవరి కాగితం వాళ్ళు లెక్క పెట్టుకోకూడదు, పక్కవాళ్ళు పెట్టాలి, అది అక్కడి పద్ధతి. కాబట్టి ఆమె కాగితం అతను, అతని కాగితం ఆమె. ఇద్దరూ ఇరవై అయిదు గజాలు పక్కపక్కనే నడుచుకుంటూ వెళ్ళి, కాగితాలు చూసి, అంకెలు రాసుకుని, పక్కపక్కనే నడుచుకుంటూ వచ్చేవారు. ఆరేళ్ళలో వాళ్ళ మధ్య జరిగిన కాపురం అంతే. వెండెల్ వారమంతా రోడ్డు శాఖ లారీ తోలుతూ ఆ నడక కోసం బతికేవాడు. ప్రేమ అనండి, పిచ్చి అనండి, ఆమెతో ఒక్క ముక్క మాత్రం అనలేదు మహానుభావుడు.

అలాంటి డార్లా రెండు వారాల కిందట ఫ్లాస్కులో కాఫీ పోస్తూ పిడుగులాంటి మాట చెప్పింది.

"బదిలీ ఆర్డరు వచ్చింది వెండెల్. ఒరెగాన్. మా అక్క దగ్గరికి. ఆఖరి పోటీ అయిన మర్నాడే ప్రయాణం."

"ఓహో," అన్నాడు వెండెల్. లోపల ప్రాణం పోతోంది, పైకి ఓహో అట!

ఆమె ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు చూసింది. తర్వాత తనే అంది. "ఆఖరి పోటీకి నాకు నువ్వే గుండ్లు పోసి తూటాలు కట్టిపెట్టు. ఏ రకమో నీ ఇష్టం. పోయేలోగా క్లబ్బు గోడకున్న పలక మీద నా పేరు చూసుకోవాలని ఉంది."

పోటీలో తొమ్మిది వందల పాయింట్లకి ఎనిమిది వందల డెబ్బై తెచ్చినవాళ్ళ పేర్లు ఆ పలక మీద చెక్కుతారు. కిందటేడు డార్లాకి ఒక్క పాయింటు తక్కువైంది. చిరుగు పట్టిన చిల్లు ఒకటి పదో తొమ్మిదో తేలక, తొమ్మిది అని రాసింది వెండెలే. న్యాయంగానే రాశాడు, వారం రోజులు అన్నం సయించలేదు. ఈసారి ఆమె కాగితం మీద చిరుగన్నది ఉండకూడదనుకున్నాడు. ఆమె పేరు ఆ గోడ మీద ఉంటే, ఆమె లేని శనివారాల్లో చూసుకోవటానికైనా ఉంటుందనుకున్నాడు. ఉండిపొమ్మని అడగటానికి నోరు రాని వాడికి అంతకంటే పెద్ద ఆశ ఎక్కడినుంచి వస్తుంది?

మొద్దు ముక్కు అచ్చే చేతికి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎమెట్ వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ పాత గని కార్మికుడు, క్లబ్బులో కాల్పుల ఆజ్ఞలిచ్చేది ఆయనే. బల్ల మీది అచ్చు చూసి కనుబొమలెత్తాడు.

"డార్లా పిస్తోలు బారెల్ విప్పించి తెచ్చుకున్నావుట్రా?"

"తెస్తాలే."

"తెస్తాలే ఏంట్రా? వసంతంలో కొత్త బారెల్ వేయించింది, బిగుతుగా ఉంటుంది. కట్టిన తూటా ఆ బారెల్లో వేసి చూడాలి, టక్కున లోపలికి కూర్చోవాలి. నీకు నేను చెప్పాలా? వెళ్ళి తలుపు కొట్టి అడుగు. ఆవిడేం కరుస్తుందా?"

"వెళ్తానంటున్నాగా!"

"నీ మొహం. లారీతో వంద మైళ్ళు మంచు తోడతావు, ఆవిడ గుమ్మం దాకా నడవలేవు," అని గొణుక్కుంటూ ఎమెట్ వెళ్ళిపోయాడు.

వెండెల్ వెళ్ళకపోలేదు. రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి ఆమె వీధి మలుపు దాకా వెళ్ళి, చొక్కా మాసి ఉందని వెనక్కొచ్చాడు. రెండోసారి ఉతికిన చొక్కా వేసుకుని ఇంటి ముందు దాకా వెళ్ళాడు. వరండా నిండా కట్టేసిన అట్టపెట్టెలు. ఆ పెట్టెల మధ్య నిలబడి బారెల్ ఇవ్వమని అడిగితే నోట్లోంచి ఇంకేం మాట వచ్చేస్తుందోనని భయం వేసింది. బండి ఆపకుండానే తిప్పేశాడు.

ఇంటికొచ్చి తూటాలు కట్టి తన బారెల్లోనే వేసి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అరిగిన బారెల్ అది, గులకరాయి వేసినా మింగుతుంది. టక్కుమంది. నాదాంట్లో పట్టినవి ఆమెదాంట్లో పట్టవా అని తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. గుండ్లు పోసేవాడెవడూ చేయకూడని తప్పు అది. తెలిసే చేశాడు.

ఆఖరి శనివారం ఎండ చక్కగా కాసింది. మొదటి కాగితం దగ్గరికి వెళ్ళగానే డార్లా చిన్నపిల్లలా కేరింత కొట్టింది.

"చూడు వెండెల్, ఎంత ముద్దొస్తున్నాయో! ఒక్క చిరుగైనా ఉందా? ఇన్నాళ్ళూ ఇవి నాకెందుకు పోసివ్వలేదయ్యా నువ్వు?"

"నువ్వు అడగలేదుగా."

"అన్నీ నేనే అడగాలా?" అని ఆమె నవ్వింది. వెండెల్ భూతద్దం మీదికి వంగిపోయాడు. చెవులు కాలిపోతున్నాయి.

పోటీ అంతా అలాగే నడిచింది. ఆఖరి వరస మిగిలింది. పది సెకన్లలో అయిదు గుండ్లు, యాభైకి నలభై ఆరు వస్తే చాలు, పలక మీద పేరు. "కాల్చండి!" అని ఎమెట్ అరిచాడు. డార్లా మొదటి గుండు పేలింది. రెండోది పేలలేదు. పొద్దుటి నుంచి రాలిన సీసం పొడి ఆ బిగుతు బారెల్ వెనక నోట్లో పేరుకుని, తూటా పూర్తిగా లోపలికి దిగలేదు. పిస్తోలు సగం మూసుకుని ఆగిపోయింది. ఆమె పిస్తోలు కదపకుండా ఎడం చెయ్యి పైకెత్తింది. అలా ఎత్తితే కొత్త కాగితం మీద అయిదూ మళ్ళీ మొదటి నుంచి కాల్చనిస్తారు. ఒక్కసారే.

మళ్ళీ కాల్చింది. రెండు పేలాయి. మూడోది మళ్ళీ అంతే. ఆమె ఇంకోసారి చెయ్యెత్తలేదు, ఎత్తినా లాభం లేదు. పది సెకన్లూ అయిపోయాయి.

వెండెల్‌కి ఆ కాగితం లెక్క పెట్టక తప్పదు. పక్కపక్కనే నడిచి వెళ్ళారు. అందమైన రెండు చిల్లులు, రెండూ పదే. తర్వాత మూడు సున్నాలు రాయాలి. ఆ మూడూ తన చేత్తోనే రాశాడు. డార్లా కార్డు తీసుకుని కింద సంతకం చేసింది.

బల్ల దగ్గరికి వచ్చాక ఆమె పిస్తోలు విప్పి, మిగిలిన తూటా ఒకటి బారెల్లో వేసింది. గోరు మందం బయటే నిలిచిపోయింది. వేలితో నొక్కినా దిగలేదు.

"నా బారెల్లో వేసి చూడలేదు కదూ?"

"లేదు."

"తెలియకనా?"

"తెలుసు. రెండుసార్లు బయల్దేరాను డార్లా. నీ ఇంటి ముందు దాకా వచ్చాను. ఆ పెట్టెలు చూసి... లోపలికి రాలేకపోయాను. నీ ఆఖరి పోటీ నాశనం చేశాను. నన్ను తిట్టు."

డార్లా తిట్టలేదు. బారెల్ని గుడ్డలో చుట్టి పిస్తోలు పెట్టెలో పెట్టింది.

"గుండ్లు కొట్లో దొరకవా వెండెల్? డబ్బాలకి డబ్బాలు అమ్ముతారు. నేను నిన్నెందుకు అడిగాననుకున్నావు? గుండ్లు పోసేవాడు బారెల్ కోసం ఇంటికి రాక తప్పదని అడిగాను. మూడు వారాలు, రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ఈ బారెల్ విప్పి, తుడిచి, వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరికి కాఫీ పెట్టేదాన్ని. పిచ్చిదాన్ని."

వెండెల్ నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆరేళ్ళ మాట అది, అంత తేలిగ్గా వస్తుందా? ఆమె పెట్టె మూసి, బండి దగ్గరికి నడిచి, తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడొచ్చింది.

"వెళ్ళకు డార్లా. ఉండిపో."

ఎమెట్ వినపడనట్టు అటు తిరిగి కాగితాలు సర్దుకుంటున్నాడు. డార్లా కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"ఇల్లు నిన్న అప్పగించేశాను. సోమవారం నుంచి నా రూటు వేరేవాళ్ళది. అక్కడ అక్క మంచం మీద ఉంది, రోజులు లెక్క పెట్టుకుంటోంది నాకోసం," అంది. "ఈ మాట మూడు వారాల కిందట వచ్చి చెప్పి ఉంటే, అక్కని ఇక్కడికే తీసుకొచ్చేదాన్ని కదా వెండెల్."

అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆరేళ్ళలో ముట్టుకోవటం అదే మొదలు. సీసం చింది కాలిన మచ్చలున్న ఆ వేళ్ళని కాసేపు అలాగే పట్టుకుని, వదిలేసి, బండెక్కింది. బండి కొండ మలుపు తిరిగిపోయాక కూడా వెండెల్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఎమెట్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పదరా, ఇంటికి పోదాం," అన్నాడు.