ఖాళీ గడి

"గ్యాస్ బంద్ చేసినవా?" అని దినేశ్ ఫోన్ చేసేసరికి నేను పంజాగుట్ట మెట్రో మెట్లు దిగుతున్న. చేసిన. నాబ్ తిప్పిన సంగతి నా చేతికి యాదికున్నది. అయినా అనుమానం మొదలైంది. యూసుఫ్‌గూడ ఇంట్లో దినేశ్ ఉన్నడు, అత్తమ్మ పొయ్యి పక్కనే కూసొని చాయ్ తాగుతుంటది. ఇంట్లో ఇద్దరుండంగ మెట్రో దిగే మనిషిని అడుగుడేందని నాకు తట్టలే. కూర మాడితే నేను, బండి తాళం కనబడకపోతే నేను. "నీకు జర మతిమరుపు" అని పెండ్లయిన కొత్తల దినేశ్ నవ్వుకుంట అన్నడు. కొన్నాళ్లకు నవ్వుడు ఆగింది, మాట ఆగలే. ఏది చెడిపోయినా ముందు నన్ను నేనే సోదా చేసుకునుడు అట్ల అలవాటైంది.

ఆఫీసుల సుత అంతే. మాది యాప్‌లు చేసే చిన్న కంపెనీ. అమీర్‌పేటల లేడీస్ హాస్టళ్లు నడిపే బుచ్చిబాబు గారికి ఒక యాప్ చేసినం. హాస్టల్‌ల ఉండే ఆడోళ్లంత అందుల ఒకరి కింద ఒకరు కనబడతరు, ఒక్కొక్కరికి ఒక గడి. ఫొటో, పేరు, రూమ్, కింద తండ్రి లేదా భర్త పేరు. రూమ్ మీద వేలు పెడితే అందుల ఏ మంచం ఖాళీనో సుత కనబడతది. ఆ గడి రెడీమేడ్‌ది కాదు, ఈ పని కోసం నేను కట్టింది. వేలుతోని పైకి జరుపుకుంట పోతే బాగనే పోతది. ఒక్కచోటికి రాంగనే యాప్ మొత్తం టప్పున మూసుకుంటది.

"ఏంటి సుకన్య గారూ, మీ గడులు కొంప ముంచేశాయి," అన్నడు టీమ్ లీడ్ ప్రమోద్. "రేపు పొద్దున్నే బుచ్చిబాబు గారొస్తున్నారు. అప్పటికి అవకపోతే ఈ పని ఇంకొకళ్లకిచ్చేస్తాను. మీకు ఇంట్లో పనులెక్కువ కదా, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలే. అనుమానం పడ్డ, అదీ నా మీదనే. ఏ గడి ఎవలిదో తెలువనీకి పెట్టిన గుర్తు తప్పిందా? ఫొటోలు బరువైనయా? పైకి పోయిన గడినే యాప్ మళ్ల కిందికి తెచ్చి వాడుకుంటది. ఒకరి వివరం ఇంకొకరికి అంటుకున్నదా? అన్నీ చూసిన. నా తప్పు దొరకలే. దొరకకపోయేసరికి ఇంకింత భయమైంది, ఎక్కడనో దాక్కొని ఉన్నదేమో అని.

ఆఖరికి పేర్లు సగం సగం తీసేసి నడిపి చూసుకుంట పోయిన. ఒక్క పేరు కాడ యాప్ పడిపోతున్నది. నాగేశ్వరి. ఫొటో ఉన్నది, రూమ్ ఉన్నది. కింద ఖాళీ. తండ్రి, భర్త పేరు జాగ ఎన్నడూ ఖాళీ ఉండదని మీటింగుల బుచ్చిబాబు గారు చెప్తే అందరం తలూపినం. గడి ఆ నమ్మకం మీదనే నిలబడ్డది. పేరు లేకపోయేసరికి కూలబడుతున్నది.

ప్రమోద్ నా భుజం మీదికెల్లి చూసిండు. "తండ్రీ లేడు, మొగుడూ లేడా? ఏదో తేడాగా ఉందండీ. ఫోన్ చేసి కనుక్కోండి. చెప్పకపోతే పేరే తీసేద్దాం. బుచ్చిబాబు గారు రూమ్ ఖాళీ చేయించుకుంటారు, మన గొడవా తీరిపోద్ది."

తేడానే అని నాకు సుత అనిపించింది. ఏం దాస్తున్నదో ఈమె అనుకుంటనే ఫోన్ చేసిన.

"ఎవలు? ఆయన చేయించిండా ఈ ఫోన్?" అన్నది అటునుంచి.

"ఎవలూ చేయించలేదక్కా. హాస్టల్ యాప్ చేసేటోళ్లం. మీ ఆయన పేరు..."

"యాప్ చేసేటోళ్లకు నా మొగునితోని ఏం పని?"

"పోనీ మీ నాయినది చెప్పినా సరే," అన్న.

"నాయిన పేరు రాస్తే నాయినకు ఫోన్ పోతది. నాయినొచ్చి నన్ను మళ్ల మొగుని ఇంట్లనే దిగవెట్టి పోతడు. ఇంతకుముందున్న హాస్టల్‌ల గదే అయింది." వెనుక బట్టల షాపు లొల్లి వినబడ్డది. "పొద్దంత ఈడ నిలబడ్త. పొద్దుగూకితే ఒరగనీకి ఒక మంచం. దాని మీదికి సుత వస్తరా బిడ్డా? నీ యాప్ నువ్వు బాగుజేసుకో. నా పేరు కింద ఎవల్నీ పెట్టకు."

ఆమె ఫోన్ పెట్టేసిందో లేదో దినేశ్ వీడియో కాల్. "ఎవల్తోని ముచ్చట? బిజీ వస్తున్నది."

"హాస్టల్‌ల ఉండే ఆమె. నాగేశ్వరి అని."

"ఆమె మొగుడేం చేస్తడు?"

నేను ఫోన్‌ను మెల్లగ చుట్టూ తిప్పిన. నా టేబులు, గోడ, పక్క కుర్చీల సుమశ్రీ, అవతల ప్రమోద్ వీపు. చుట్టూ ఎవలున్నరో చూపియ్యమంటడు, రోజూ తిప్పుత. ఇయ్యాల అడగకముందే తిప్పిన. సుమశ్రీ తల దించుకొని కీబోర్డు మీద ఏదో కొట్టినట్టు చేసింది. ఆమెకు ఇది కొత్త కాదని అప్పుడు తెలిసింది నాకు. "సరే సరే, పని చేసుకో," అని దినేశ్ పెట్టేసిండు. దయ చూపించినట్టు.

గడి విప్పి మళ్ల కట్టిన. పేరుంటే చూపిస్తది. లేకపోతే ఊకుంటది, ఎందుకు లేదని అడగది.

"నాగేశ్వరిని తీసేశారా?" అన్నడు ప్రమోద్.

"లేదు సార్. ఖాళీ ఉన్నా యాప్ నడుస్తది."

"బుచ్చిబాబు గారు అడిగితే?"

"గడి కట్టింది నేను. నేనే చెప్త."

నడుస్తదో లేదో చూడనీకి ఖాళీ ఉన్న పేరు ఇంకొకటి కావాలె. నా ఫొటో పెట్టిన, సుకన్య అని కొట్టిన. కింద వేళ్లు వాటంతట అవే దినేశ్ పేరు మొదలువెట్టినయి. చెరిపేసిన. వేలుతోని పైకి జరిపిన. నాగేశ్వరి వచ్చింది, పోయింది. నేను వచ్చిన. యాప్ పడిపోలే.

"బాగుందండీ," అన్నడు ప్రమోద్, బ్యాగు సర్దుకుంట. "ఇక ఆ టెస్ట్ పేరు తీసేయండి."

తీసెయ్యలే. రూమ్ ఒక్కటే నింపలే ఇంక. నాగేశ్వరి రూమ్‌ల కిటికీ పక్క మంచం ఖాళీగున్నట్టు చూపిస్తున్నది యాప్. దాని మీద వేలు పెట్టిన.