కత్తెర తీగలు

పెద్దాయన తన ముప్పై మూడేళ్ల వ్యాపారంలో కొన్నవాళ్లకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఇది ఆయన చెప్పుకున్న మాట కాదు, కొన్నవాళ్లు చెప్పుకునే మాట. "మీ గది ఇంతే కదా, ఈ ఆంప్లిఫయర్ మీకు దండగ" అని చేతికొచ్చిన బేరాన్ని వెనక్కి పంపిన రోజులున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్‌మంటుంటే ఆ సంగతి చీటీ మీద రాసి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చేవాడు. ఇలాంటి మనిషి కంపెనీ ఎలా నిలబడిందని చుట్టాలకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నిలబడింది గానీ పెరగలేదు. ఏడాదికి నలభై ఆంప్లిఫయర్ పెట్టెలు, ముగ్గురు పనివాళ్లు, మేడ మీద రెండు గదులు, అంతే.

ఆ రెండు గదుల్లో పెద్దదానిలోనే ఆదివారం ఉదయం సన్మానం. పని బల్లలు గోడకు జరిపేశారు. పక్క ట్యూషన్ సెంటర్ నుంచి తెచ్చిన కుర్చీల్లో నలభై మందికి పైగా కూర్చున్నారు. అందరూ ఆయన దగ్గర కొన్నవాళ్లే. కిటికీలు తీసినా టంకం వాసన పోలేదు. కంపెనీని రేపట్నుంచి చూసుకోబోయే కూతురు ద్వారం దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చేవాళ్లకు కుర్చీలు చూపిస్తోంది. భార్య ముందు వరసలో, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది.

ముందుగా పళ్ల డాక్టరు లేచాడు. ఆయనది ఆరో నంబరు పెట్టె. ఈ సభకు కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే. పెద్దాయన చెయ్యి గురించీ, చెవి గురించీ, ఓపిక గురించీ ఇరవై నిమిషాలు మాట్లాడి, బల్ల మీదున్న గుడ్డ తీశాడు. దాని కింద ఆయన ఆరో నంబరు పెట్టే ఉంది. ఇనప మూత తీసేసి దాని బదులు గాజు మూత చేయించాడు. లోపల చిన్న దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో సరిగ్గా మధ్యలో ఒక ఎర్ర తీగ, ఒక తెల్ల తీగ ఒకదాని మీదుగా ఒకటి దాటి, మైనపు దారంతో ముడివేసి కనిపిస్తున్నాయి.

"మా కత్తెర!" అన్నాడు డాక్టరు. గది మొత్తం చప్పట్లు కొట్టింది.

పెద్దాయన మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఆ కత్తెర కథ కొన్నవాళ్లలో తెలియనివాళ్లు లేరు. మొదటి వంద పెట్టెల్లోనే అది ఉంటుంది. నూట ఒకటి నుంచీ రెండు తీగలూ బుద్ధిగా పక్కపక్కనే పోతాయి. మూతలు విప్పి చూసిన వాళ్లు దీని మీద సిద్ధాంతాలు కట్టారు. ఒక తీగ గోలను రెండోది మింగేస్తుందని ఒకరు, అందుకే పాట గోడలు దాటి వినిపిస్తుందని ఇంకొకరు. చేతులు మారే పెట్టెల్లో కత్తెర ఉన్నదాని కోసం జనం ఎదురుచూస్తారు. పెద్దాయన్ని అడిగితే నవ్వి మాట మార్చేవాడు. నవ్వడం అబద్ధం కాదని ఆయన లెక్క. వాళ్లేమో ఆ నవ్వులో పెద్ద రహస్యం ఉందనుకున్నారు.

"ఇన్నాళ్లూ మీరు దాటేశారు," అన్నాడు డాక్టరు. "ఇవాళ మాత్రం వదలం. ఆ తీగలు అలా ఎందుకు దాటించారు? ఒక్క మాటలో చెప్పేయండి, మా జన్మ ధన్యమైపోతుంది."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే ముందు వరసలో కూర్చున్న మనిషి తల దించుకోవాలి. చెప్పకపోతే, మానేసే రోజున మొట్టమొదటి అబద్ధం ఆడాలి.

నిజం చాలా చిన్నది. కంపెనీ పెట్టిన ఏడాది వంద పెట్టెలకు వెనకవైపు బిగించే అల్యూమినియం పలకల మీద అక్షరాలు అచ్చు వేసింది భార్యే. అప్పుడు ఆవిడకు నాలుగో నెల. పెయింట్ వాసనకు కడుపులో తిప్పుతుంటే మధ్యమధ్య లేచి వెళ్లొస్తూ, వంటింటి బల్ల మీద పదకొండు రోజులు కూర్చుని వందా పూర్తి చేసింది. పెద్దాయన మొదటి పెట్టె బిగించి, వయొలిన్లు ఎడమవైపు నుంచి రావాల్సిన రికార్డు ఒకటి పెట్టి విన్నాడు. కుడివైపు నుంచి వచ్చాయి. లోపల తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే, స్పీకర్ తగిలించే చోట 'కుడి' ఉండాల్సిన దగ్గర 'ఎడమ' ఉంది. వంద పలకల మీదా అంతే. అవి గోడకు ఆనించి ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కనే కుర్చీలో ఆవిడ నిద్రపోతోంది. గోళ్ల నిండా నల్ల పెయింట్.

లేపి చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. లోపలి తీగలు రెండూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు దాటించి టంకం పెట్టాడు. ఊగకుండా మైనపు దారంతో కట్టాడు. మిగతా తొంభై తొమ్మిదికీ అదే చేశాడు. రెండో విడత పలకల మీద అక్షరాలు వాటంతటవే సరైన చోటికి వచ్చాయి. అదృష్టం అనుకుని కత్తెర మానేశాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ పోట్లాడుకున్నప్పుడల్లా, మాట మీద మాట పెరిగినప్పుడల్లా, ఆయనకు లోపల ఒక ఊరట ఉండేది. నా దగ్గర ఒక మాట ఉంది, అయినా అనను, అనుకునేవాడు. అనలేదు. తను మంచివాడని ఆయన నమ్మడానికి ఉన్న కారణాల్లో అదే పెద్దది.

"అది... పొరపాటు," అన్నాడు పెద్దాయన. "నాదే. తీగలు చూసుకోకుండా అటూ ఇటూ అతికించేశాను."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయనకు అలవాటు లేని పని కావడంతో అతకలేదు.

"వంద పెట్టెల్లోనా?" అన్నాడు డాక్టరు. "ముడి వేసి మరీనా?"

గదిలో నవ్వులు లేచాయి. ఆయన రహస్యం చెప్పకుండా తప్పించుకుంటున్నాడనే అందరూ అనుకున్నారు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గేసింది, అబద్ధం ఆడినందుకు కాదు, అది కూడా చేతకానందుకు.

ముందు వరసలోంచి భార్య లేచింది.

"ఆయన్ని వదిలేయండి డాక్టర్‌గారూ, ఆయనకి అబద్ధాలు రావు," అంది. "ఏమండీ, మీరు కూర్చోండి. ఆ పలకల మీద కుడీ ఎడమా రాసింది నేను. తారుమారుగా రాశాను. నా రాతకి తగ్గట్టు ఆయన లోపల తీగలు మార్చారు. అదే మీ కత్తెర. అంతకుమించి అందులో ఏ మాయా లేదు."

ఖరీదైన చెవులున్న నలభై మంది ఏం వినాలో తెలియక కూర్చున్నారు.

వెనక వరసలో లెక్కల మాస్టారు మెల్లగా చెయ్యెత్తాడు.

"అంటే, రాత తప్పింది మొదటి వందలోనే కదమ్మా. నాది రెండువందల పన్నెండు. నేను దాని మూత విప్పించి, ఇదే కత్తెర వేయించుకుని పదకొండేళ్లయింది."

"అయితే పదకొండేళ్లుగా మీరు అటుది ఇటూ, ఇటుది అటూ వింటున్నారు మాస్టారూ," అన్నాడు పెద్దాయన. ఇది నిజం కాబట్టి గొంతు తడబడలేదు.

"కత్తెర వేశాక శబ్దం ఎంత విశాలమైందో ఏడు పేజీలు రాసి అందరికీ పంచాను కదండీ!"

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు కూడా నవ్వాడు గానీ, తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, "ఏమైనా విశాలమైన మాట వాస్తవం" అంటూనే కూర్చున్నాడు.

పెద్దాయన నవ్వలేదు. భార్య వైపు వంగి, "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"రెండో విడత రాసేటప్పుడు. అనుమానమొచ్చి ఒక పెట్టె మూత తీసి చూసి, ఆ విడత మార్చి రాశాను."

"అప్పుడే అడగొచ్చుగా?"

"మీరే అంటారని చూశాను," అంది. గొంతు తగ్గించాలని ఆవిడకు తోచలేదు, గదంతా వింటోంది. "ఉప్పు దగ్గర్నుంచి మా అన్నయ్య దాకా మనం పోట్లాడుకోని విషయం ఉందా? ప్రతిదాంట్లోనూ పాతవన్నీ తవ్వి తీస్తారు మీరు. ఇదొక్కటే తవ్వలేదు. ఏదో ఒక రోజు కోపంలో నోరు జారకపోతారా, అప్పుడు మొహం మీదే జవాబు చెబుదామని కాచుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు. జారనే లేదు."

పెద్దాయనకు కళ్లు చెమర్చాయి. ఆ పెట్టెలకు వచ్చిన మెచ్చుకోళ్లన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అనిపించింది. ఆలస్యంగా ఒక మాట దగ్గర ఆగాడు.

"జవాబా? దానికి నీ దగ్గర జవాబేముంది?"

ఆవిడ చేతిసంచి తెరిచింది. నాలుగు మడతలు పెట్టిన గళ్ల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరగబోతోంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. వెనక పలక మీద ఏ అక్షరం ఎక్కడ రావాలో అప్పట్లో తను ఆవిడకు గీసిచ్చిన బొమ్మ. ఎడమవైపు 'ఎడమ', కుడివైపు 'కుడి'. తన చేతిరాతే. ఆవిడ గీత కూడా పొల్లుపోకుండా అలాగే అచ్చువేసింది. తను పెట్టెకు ముందు కూర్చుని, దాని గుండా చూస్తున్నట్టు ఊహించుకుని గీశాడు. ఆవిడ పలకను వెనకవైపు నుంచి చూస్తూ రాసింది. ఎటువైపు నుంచి చూడాలో కాగితం మీద ఎక్కడా లేదు.

ఆయన రెండుసార్లు చదివాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. ఇన్నేళ్లూ పెద్ద మనసుతో క్షమిస్తూ వచ్చింది తన తప్పునే.

చొక్కా జేబులోంచి పెన్సిల్ తీశాడు. ప్రతి పెట్టె మూత లోపలా సంతకం పెట్టేది ఆ పెన్సిల్‌తోనే. బొమ్మ కింద 'ముందువైపు నుంచి చూసినట్టు' అని రాసి, సంతకం పెట్టి, కాగితం తిరిగి ఆవిడకు ఇచ్చాడు.

పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఆ కాగితం మాకిస్తే ఈ పెట్టె పక్కనే గాజు పలక కింద పెట్టిస్తాం."

ఆవిడ కాగితాన్ని పాత మడతల వెంటే జాగ్రత్తగా మడిచి, సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"కుదరదు డాక్టర్‌గారూ," అంది. "రేపట్నుంచి ఈయన రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఇది నాకు కావాలి."