నాలుగు నిమిషాల దూరం

యూనివర్సిటీ కరెంటు బస్సు రైల్వే స్టేషన్ నుంచి పొద్దున్న ఎనిమిదీ నలభైకి బయల్దేరుతుంది. ఉద్యోగుల్నీ విద్యార్థుల్నీ మోసుకొచ్చే రైలు ఎనిమిదీ నలభైనాలుగుకి వచ్చి ఆగుతుంది. రైలు దిగి పరిగెత్తినవాళ్లకి మలుపు తిరుగుతున్న బస్సు వెనక అద్దం కనిపిస్తుంది, అంతే.

భూగోళశాస్త్రం చెప్పే మేడం ఈ సంగతి కనిపెట్టి ఏడాది దాటింది. యూనివర్సిటీ వల్ల గాలిలో కలిసే పొగలో సగానికి పైగా రాకపోకలదేనని ఆవిడే లెక్క తేల్చింది. మూడు వారాలు గేటు దగ్గర నిలబడి, కార్లలో వచ్చేవాళ్లని ఆపి మరీ అడిగింది. "రైలు దిగేసరికి బస్సుండదండీ, ఏం చెయ్యమంటారు?" అని రెండువందల మంది ఒకే మాట చెప్పారు.

ఈ మాట పొగ తగ్గింపు కమిటీలో పెట్టింది. అధ్యక్షుడు పెద్ద ప్రొఫెసర్, మెత్తని మనిషి. "చాలా మంచి పాయింటమ్మా" అని మీటింగు మినిట్స్‌లో రాయించాడు. తర్వాతి మీటింగులోనూ రాయించాడు. అయిదో మీటింగులో కమిటీ నివేదిక అట్ట మీదకి బస్సు ఫొటో కావాలన్నాడు. "ఖాళీ బస్సు చూడ్డానికి బాగుండదు. ఓ పాతికమంది పిల్లల్ని ఎక్కించి తీయించండి."

మేడం కాగితాలు సర్దుకుని బయటికి నడిచింది. నోరు తెరిస్తే ఆగనని తెలుసు కనక.

టైమ్‌టేబుల్ మార్చాల్సింది ప్లానింగ్ సెక్షన్ వాళ్లేనని కమిటీలో చెప్పారు. ప్లానింగ్ వాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడి గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో రైల్వే ఉంది కదండీ, రైలునే నాలుగు నిమిషాలు ముందు రమ్మని రాస్తే పోలా?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. మేడం తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి తిన్నగా డ్రైవరు దగ్గరికే వెళ్లింది.

"నాకేం అభ్యంతరం లేదు మేడం" అన్నాడతను, బస్సుకి చార్జింగ్ తీగ తగిలిస్తూ. "పది నిమిషాలు ఆగానంటే ఇక్కడికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. తొమ్మిదికి మా డ్రైవర్ల హాజరు పుస్తకం లోపలికి పోతుంది. సంతకం లేకపోతే సగం రోజు సెలవు కింద కొట్టేస్తారు."

"ఎవరు?"

డ్రైవరు ఆవిడ వంక వింతగా చూశాడు. "మీ బాబాయిగారే కదండీ."

బాబాయి బస్సుల సెక్షన్‌లో సూపరింటెండెంటు. మేడం ప్రతి ఆదివారం భోజనానికి వెళ్లేది ఆయనింటికే. ఆయన టైర్లూ బ్యాటరీలూ చూసుకుంటాడనుకుంది తప్ప ఇంకేం పని చేస్తాడో ఎప్పుడూ అడగలేదు. పైగా అన్నం దగ్గర ఆఫీసు మాటలెత్తితే పిన్ని కంచాలు తీసేస్తుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

అదే ఊపులో ఆయన గదికి నడిచింది. దారిపొడుగునా వాదన కూడగట్టుకుంది.

"బాబాయ్, ఆ పుస్తకం తొమ్మిదికే ఎందుకు తీసేస్తావు?"

"మరి ఎప్పుడు తియ్యమంటావు?"

"తొమ్మిదింపావుకి."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. తొమ్మిదనేది నేను పెట్టుకున్నదే. రూలేం కాదు."

"ఏడాది నుంచి చెప్పులరిగేలా తిరుగుతున్నాను బాబాయ్."

"తెలుసు. మినిట్స్ కాపీ నాకూ వస్తుంది."

"మరి చెప్పొచ్చుగా?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ కమిటీలో పద్నాలుగు మందున్నారు. బస్సుల సంగతి మాట్లాడే చోట బస్సుల సెక్షన్ మనిషి ఒక్కడూ లేడు. అడగని చోట నోరు తెరిచే అలవాటు నాకు లేదమ్మా. నువ్వు మాత్రం అడిగావా?"

ఆవిడకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండిపడాలో తెలియలేదు, ఎందుకంటే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. బస్సు వేళలు వేసేది కూడా ఆయన సెక్షనే కనక ఇద్దరూ అక్కడికక్కడే కొత్త టైములు రాశారు. ఆయన సాయంత్రం తిరుగు బస్సులో ఉన్న ఇలాంటి తప్పే ఇంకోటి చూపించాడు. ఆవిడ కంటికది ఎప్పుడూ ఆనలేదు.

సోమవారం నుంచి బస్సు ఎనిమిదీ యాభైకి కదిలింది. మొదటిరోజు పదకొండు మంది ఎక్కారు. నెల తిరిగేసరికి నిలబడ్డానికి చోటు లేదు. అంతకుముందు రోడ్డు దాకా ఉండే గేటు దగ్గరి కార్ల వరస, పక్కనున్న సెక్యూరిటీ గది దాకా కూడా రావడం మానేసింది.

ఆ నెల మీటింగులో అధ్యక్షుడు చాలా సంతోషించాడు. "మన నివేదిక ఫలితం" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, బస్సులో రద్దీ ఎక్కువైందని ఫిర్యాదులొస్తున్నాయనీ, కారణమేమిటో సర్వే చెయ్యాలనీ, అది మేడమే చేస్తే బాగుంటుందనీ అన్నాడు.

"సర్వే అక్కర్లేదండీ, రెండో బస్సు కావాలి" అంది మేడం. "దానికి ముందు ఈ కమిటీలోకి మా బాబాయిని తీసుకోండి. వచ్చే మీటింగుకి ఆయన లేకపోతే నేనూ రాను."

అధ్యక్షుడు నవ్వి, మంచి పాయింటన్నాడు. ఈసారి మినిట్స్ పుస్తకం మేడమే లాక్కుని, ఆ రెండు మాటలూ తన చేత్తో రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకునే లేచింది.