కుళాయి దగ్గర నేను తాగిన నీళ్ళు

సెలైన్ సగానికొచ్చింది, నర్సును పిలవాలేమో, చుక్క చుక్కా దిగతా ఉంది, శ్రీశైలమ్మ పెద్దమ్మ చెయ్యి ఇంత సన్నమని ఎప్పుడన్నా చూసినానా, నలభై గొర్రెల్ని ఒక్క కేకతో మళ్ళించే మనిషి, గిద్దలూరు ఆస్పత్రి మంచంలో దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది, మా ఊరోళ్ళే పంతొమ్మిది మంది, అందరికీ వాంతులు, బేదులు, సోమవారం ఆరుగురే, ఆ రోజే ఆడోళ్ళు బిందెలతో నా గుమ్మం ముందుకొచ్చినారు, ట్యాంకు నీళ్ళు వాసనొస్తాన్నాయి, సర్పంచివి నువ్వు చెప్పు రేణుకా, తాగొచ్చా అని, నేను మండల నాయకుడికి ఫోన్ చేస్తే, ఏందమ్మా నీ కంగారు, ఎండలకు అట్లే అవుతాది, టీవీలోకెక్కితే పైన నేనేం చెప్పుకోవాల, నువ్వే జనం ముందర తాగి చూపియ్యి, ఫోటో పంపు అన్నాడు, నీళ్ళ పరీక్ష రిపోర్టు రాలేదు కదన్నా అంటే వస్తాదిలే అన్నాడు, సరేనన్నా అనేసినా, ఎందుకన్నాను, ఆయన చేతిలో ఆగిపోయిన సిమెంటు రోడ్డు కోసమా, గట్టిగా మాట్లాడేవాళ్ళ ముందు నా నోరు ఎప్పుడూ ఇంతేనా, స్టీలు గ్లాసులో ఇంట్లోనే కొనుక్కున్న క్యాను నీళ్ళు పోసుకొని, కొంగు చాటున పట్టుకపోయి, కుళాయి తిప్పి, గ్లాసు ధార కింద పెట్టినట్టే పెట్టి, ఎత్తి గటగటా తాగినా, చప్పట్లు కొట్టినారు, పెద్దమ్మే అందరికంటే ముందు బిందె జరిపి, రేణుకే తాగిందంటే ఇంకేందే, పట్టుకోండి అనింది, ఆ పూట నా పిల్లలకు పళ్ళు తోముకోను కూడా క్యాను నీళ్ళే ఇచ్చినా.

కళ్ళు తెరిచింది, పెదాలు పగిలిపోయినాయి, ఏం కావాల పెద్దమ్మా అని చెయ్యి పట్టుకొని వంగినా, నీకేం కాలేదు కదా తల్లీ, నువ్వూ తాగినావు కదా, డాక్టరుకు చూపించుకో అనింది, తిట్టినా బాగుండు, నేను తాగలేదు పెద్దమ్మా, అవి క్యాను నీళ్ళు అన్నా, పెద్దమ్మ నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కొని దుప్పటి కింద పెట్టుకునింది.

వరండాలోకొచ్చి ఊళ్ళో ట్యాంకు వాల్వులు తిప్పే ఓబులయ్య మామకు ఫోన్ చేసినా, కుళాయిలు కట్టెయ్యి మామా, నీ ఫోన్ పంచాయతీ మైకు దగ్గర పెట్టు, నేనే మాట్లాడతా, ఏం మాట్లాడతావు రేణుకా అంటాన్నాడు, నేను చేసింది చెప్తా మామా, నాయకుడు ఏమన్నా అనుకోనీ, ఊరు నా మొహాన ఉమ్మనీ, నా మాట లేకుంటే వాళ్ళు ఆ నీళ్ళు ముట్టుకునేవాళ్ళే కాదు, ముక్కుతో వాసన పట్టినారు, భయపడినారు, వాళ్ళను కాపాడతా ఉండింది ఆ భయమొక్కటే, దాన్నే నేను పోగొట్టినా.