నూకరాజు వీపు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన, రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా జిమ్ము నడుపుతన్నాను. ఏసీ లేదు. అద్దాలు రెండే. పాటలు పెట్టను. పాటలు కావాలంటే పెళ్లికెళ్లండి అని చెప్తాను. అర్జునరావు మాస్టారుకి కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువేటి కాదు, ఉండాల్సినంత ఉంది.

నా దగ్గర గట్టి రూలు ఒక్కటే. ఆదివారం షెడ్డు తియ్యను. కొత్తగా చేరిన ప్రతివాడూ ఆదివారం కూడా చేస్తే బేగి పెరుగుతాం కదా మాస్టారూ అంటాడు. కూర్చోబెట్టి చెప్తాను. బరువు ఎత్తినప్పుడు కండ పెరగదు, చితుకుతుంది. తిని పడుకున్నప్పుడు ఒళ్లు దాన్ని మళ్లీ అతుక్కుంటుంది, ఈసారి ఇంకాస్త లావుగా. అతుక్కోనివ్వకుండా మళ్లీ చితక్కొడితే మిగిలేది నొప్పే. ఈ పాఠం ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్తన్నాను. నాకే సరిగ్గా రాదని మొన్నీమధ్యే తెలిసింది.

నూకరాజుది యారాడ. తండ్రి సముద్రం మీద బతికినవాడు, మూడేళ్ల కిందట జబ్బు చేసి పోయాడు. తల్లి చిలకమ్మ చేపలు అమ్ముతుంది. వీడు మా కంచరపాలెంలోనే ఏసీలు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. పొద్దున్న అయిదున్నరకల్లా కొండ దిగి బండి మీద వచ్చీసేవాడు. మాట తక్కువ. సన్న నడుం, వెడల్పాటి భుజాలు, ఏ కండకి ఆ కండ విడివిడిగా కనబడే ఒళ్లు. ఇలాంటి ఒళ్లు నా షెడ్డులోకి ఇంతకుముందు రాలేదు.

వాడికి ఈ ఏడే ఆఖరు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పెట్టుకోవాలంటే రాష్ట్రం బాడీబిల్డింగ్ పోటీల్లో మొదటి మూడింట్లో ఉండాలి, వయసు ఇరవై అయిదు దాటకూడదు. జనవరితో వాడికి ఇరవై అయిదూ నిండిపోతాయి. పోటీలు నవంబరులో, రాజమండ్రిలో. నాలుగో స్థానం వచ్చిందంటే ఇంటికొచ్చి జీవితమంతా ఏసీలు కడుక్కోవడమే. ఈ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

జూలైలో ఒకరోజు వెనక్కి తిరిగి వీపు విప్పమన్నాను. చంక కింద నుంచి విచ్చుకునే వీపు కండని మేం రెక్క అంటాం, వాడి కుడి రెక్క ఎడమదానికంటే లావుగా ఉంది. కుడి భుజం కూడా అంతే. మామూలు కంటికి తెల్దు. జడ్జి కంటికి మొదట కనబడేది అదే. రెండు పక్కలూ సమానంగా లేకపోతే ఎంత కండ ఉన్నా దండగే.

పోలీసోడిలా అడిగాను. ఏ పక్కకి తిరిగి పడుకుంటావు, ఏసీ ఏ భుజం మీద మోస్తావు, అన్నీ అడిగాను. ఆదివారం ఏటి చేస్తావని కూడా అడిగాను. ఏటీ నేదు మాస్టారూ, ఇంటికాడే ఉంటాను అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు. నమ్మాను.

నాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఎడమ పక్క వెనకబడింది కాబట్టి ఎడమకి పని పెంచాలని తేల్చీసాను. ఒంటిచేత్తో డంబెల్ లాగడం ఎడమకి మాత్రం నాలుగు సెట్లు ఎక్కువ, వారానికి మూడు రోజులు. నెల్లాళ్లు చూశాను. ఎడమ పెరగలేదు. ఆరు సెట్లు చేశాను. అప్పుడు రెండు పక్కలా కండ తగ్గడం మొదలెట్టింది. టేపు పెట్టి చూస్తే జబ్బ అర అంగుళం పోయింది.

ఆదివారం రెస్టు తీసుకున్నవాడు సోమవారం పులిలా రావాలి కదా. వీడు లంకణాలు చేసినవాడిలా వచ్చేవాడు. కళ్ల కింద గుంటలు. చెయ్యి పైకెత్తితే మొహం ముడుచుకునేవాడు, నొప్పేటిరా అంటే లేదనేవాడు. నాను నోటికొచ్చిందల్లా అన్నాను. గుడ్లు తినకుండా పారేస్తన్నావన్నాను. రాత్రంతా ఫోను చూస్తన్నావన్నాను. ఎవరైనా పిల్ల వెనకాల తిరుగుతన్నావా అని కూడా అన్నాను. తల దించుకుని అన్నీ విన్నాడు.

సెప్టెంబరులో ఫరాజ్ ఒక మాట చెప్పాడు. ఫరాజ్ పాతూరి కుర్రాడు, నా దగ్గరే చేస్తాడు, నూకరాజుకి స్నేహితుడు. ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నూకరాజు ఫోను ఎప్పుడూ స్విచాఫేనంట. నాకు ఒళ్లు మండిపోయింది. వేరే జిమ్ములో, వేరే మాస్టారు దగ్గర దొంగచాటుగా చేస్తన్నాడని ఖాయం చేసీసుకున్నాను. నా దగ్గర ఒళ్లు పెంచుకుని పెద్ద జిమ్ములకి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ మంట నాకు ఆరలేదు. వచ్చిన ఆదివారం తెల్లారగానే బండి తీసి యారాడ కొండెక్కాను. ఇంటికాడే పట్టుకుని నాలుగు తిట్టి వద్దామని.

ఇంటికాడ లేడు. పక్కింటామె ఒడ్డుకెళ్లి చూడమంది.

ఒడ్డున పెద్ద వల లాగుతన్నారు. పడవ మీద వల తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, దాని రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకి పదిహేను మంది. మూడు గంటలు లాగితే గాని వల ఒడ్డెక్కదు. కుర్రాళ్లంతా వారమంతా ఊళ్లో పనులకి పోతన్నారని ఇప్పుడా వల ఆదివారమే వేస్తారంట. ఆ వరసలో నూకరాజు ఉన్నాడు. సముద్రానికి వీపు పెట్టి, తాడు కుడి భుజం మీదుగా వేసుకుని, కుడి చేత్తో బిగబట్టి, ఇసుకలో కాళ్లు దిగేసి లాగుతన్నాడు. చొక్కా లేదు. తాడు బిగిసినప్పుడల్లా కుడి రెక్క ఉబ్బుతన్నాది. నెలల తరబడి నాను వెతికింది అక్కడుంది.

వల ఒడ్డెక్కేదాకా ఆగాను. ఆదివారం ఏటీ చెయ్యనన్నావు కదరా అని అడిగాను. వాడు నిజంగానే తెల్లబోయాడు.

"ఇది కసరత్తు కాదు కదా మాస్టారూ. వల కదా."

వాడి లెక్కలో అది పనే కాదు. అన్నం తినడాన్ని, స్నానం చెయ్యడాన్ని ఎవడైనా కసరత్తులో కలుపుతాడేటి. ఆ ఇంట్లో పుట్టినవాడికి వలా అంతే. నాకు చెయ్యెత్తి కొట్టాలన్నంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెల్దు. అంతట్లోకి వాడి ఎడమ భుజం చూశాను. వాచిపోయి ఉంది. ఇదేటంటే, మీరు సెట్లు పెంచినకాడి నుంచీ ఉన్నాది మాస్టారూ అని మెల్లిగా చెప్పాడు. కుడి పక్క వల, ఎడమ పక్క నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి నా చేతిలోనే ఉంది.

పోటీలయ్యేదాకా వల మానీమన్నాను. వాడు చేపలు ఏరుతన్న తల్లి వైపు చూశాడు. చిలకమ్మ చెప్పింది. తాడు మీద ఒక్కో ఇంటికి ఒక్కో చోటు. అది ఆమె మామగారి చోటు, తర్వాత మొగుడిది, ఇప్పుడు కొడుకుది. చోటున్న ఇంటికే చేపల్లో వాటా. ఆమె కొన్ని పచ్చివి అమ్మి, మిగిలినవి ఎండబెట్టి వారమంతా అమ్ముకుంటుంది. ఒక్క ఆదివారం ఖాళీ కనబడితే ఆ చోటు ఇంకో ఇంటికి పోతుంది, రెండిళ్లవాళ్లు కాచుకుని ఉన్నారు. ఆడవాళ్లు తాడు పట్టరు.

"ఉద్దోగం వత్తాదో రాదో బాబూ. వల ఉన్నాది కదా," అంది.

ఆమె మాటలో తప్పేటీ లేదు.

వీరన్న అనే ముసలాయన ఆ వలకి పెద్ద. ఆయన దగ్గరకెళ్లి, పోటీలయ్యేదాకా ఈ ఇంటి చోటులో నాను నిల్చుంటానన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెల్దు. నాకు యాభై నాలుగేళ్లు. ఒకప్పుడు జిల్లా టైటిల్ కొట్టిన ఒళ్లే గాని, ఇప్పుడు మెట్లెక్కితే మోకాళ్లు మాట్లాడతాయి. వీరన్న నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. ఇంటివాళ్లు పంపిన మనిషైతే చాలన్నాడు. జబ్బలు సూడ్డానికి బాగానే ఉన్నాయి, లాగితే గదా తెలిసేది అని కూడా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

తర్వాతి ఆదివారం నిల్చున్నాను. మొదటి అరగంట మర్యాదగానే గడిచింది. గంటయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డెక్కాక ఇసుకలో కూలబడ్డాను, ఇద్దరు పట్టుకుని లేపారు. రెండు రోజులు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. మా ఆవిడే నా తల దువ్వింది. ఈ వయసులో ఏటీ వేషాలని తిడుతూ దువ్వింది.

మంగళవారం షెడ్డులో కుర్చీలో కూలబడి, నూకరాజు చెయ్యాల్సినవి రాసిన పుస్తకం తిరగేశాను. సోమవారం వీపు. మంగళవారం భుజాలు. ఎడమకి ఆరు సెట్లు ఎక్కువ. అంతా నా చేతిరాతే. వల లాగి నాను గుండీ పెట్టుకోలేని ఈ సోమ, మంగళవారాల్లోనే వాడి చేత ఇవన్నీ చేయించాను. అది చాలక తిట్టాను కూడా. తల కొట్టేసినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది, దాచడం దేనికి.

వాడికి పది రోజులు ఏ బరువూ ముట్టుకోవద్దని చెప్పాను. ఉన్న కండ కూడా పోతాది మాస్టారూ అని భయపడ్డాడు. పోతే పోయిందిలే, ముందు నిద్రపో అన్నాను. భుజం డాక్టరుకి చూపించాం. తెగిందేటీ లేదు, వాపే, ఆపకపోతే తెగేదన్నాడు. ఆ తర్వాత వారానికి నాలుగు రోజులే, సెట్లు సగానికి సగం, రెండు పక్కలా ఒకే లెక్క. గుడ్లు, కోడి, అన్నం, తొమ్మిదింటికల్లా పడక. ఆదివారాలు పడుకుని ఉండలేక ఒడ్డుకొచ్చీసేవాడు, తాడు మీద నుంచే తిట్టి ఇంటికి తోలేవాణ్ని. ఈలోపు నాకూ కాస్త లాగడం వచ్చింది. చేతుల్తో కాదు, నడుంతో లాగాలంట.

అక్టోబరు ఆఖరికి టేపు పెడితే పోయిన అర అంగుళం తిరిగొచ్చి, పైన పావు అంగుళం చేరింది. బరువు పెంచితే రానిది పడుకోబెడితే వచ్చింది. వీపు విప్పమన్నాను. రెండు రెక్కలూ ఒక్కలాగే విచ్చుకున్నాయి. చాలాసేపు చూశాను. బాగుంది, చొక్కా వేసుకో అన్నాను.

పోటీల తారీఖు వచ్చింది. ఆదివారం.

ఇరవై రెండేళ్లలో నా షెడ్డు నుంచి రాష్ట్రం స్టేజి ఎక్కబోతన్న మొదటివాడు. వాడి వెనకాల నిల్చుని ఒంటికి నూనె రాసి, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో చెప్పాల్సింది నాను. ఆ రోజు కోసమే ఈ షెడ్డు పట్టుకుని వేలాడుతన్నానని మా ఆవిడ ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది, అది నిజమే. కాని యారాడలో చోటు ఖాళీగా ఉండకూడదు. ఒక్క వారానికి వదలమంటే వీరన్న వదిలేవాడేమో. కాచుకున్న రెండిళ్లవాళ్లు వదలరు. నూకరాజయితే, నాను పోటీలకి ఎల్లను మాస్టారూ, వలకాడే ఉంటాను అన్నాడు. చెంప పగలగొడతానన్నాను.

శనివారం సాయంత్రం దువ్వాడ స్టేషన్లో వాడినీ ఫరాజునీ రైలెక్కించాను. ఫరాజు చేతికి నూనె సీసా ఇచ్చి, ఎలా రాయాలో రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతంటే రైలు కదిలింది.

ఆదివారం తాడు మీద నాను. గాలి ఎదురుగా ఉంది, వల బరువుగా వస్తన్నాది. వాడి బరువు తరగతి కుర్రాళ్లకి పొద్దున్నే పోటీ పెట్టారని తెలుసు. నా ఫోను చిలకమ్మ చేతిలో ఉంది. పదకొండు దాటాక మోగింది. నాకు తాడు వదలడానికి లేదు. ఆమె పరిగెత్తుకొచ్చి ఫోను నా చెవికి ఆనించి, నాతో పాటే ఇసుకలో అడుగులేస్తూ పట్టుకుంది. అటు పక్క మైకు గోల. దాని మధ్యలో నూకరాజు గొంతు.

"మాస్టారూ, వల ఎలగొత్తన్నాది? మన సోటులో మీరే ఉన్నారా?"

"నానే ఉన్నానురా. ముందు నీ సంగతి చెప్పు."

వాడి గొంతు కాసేపు మైకు గోలలో మునిగిపోయింది. ఆ కాసేపట్లో నాను చచ్చి బతికాను.

"మూడో స్థానం మాస్టారూ. ఈపు సూసి ఏసినారంట మార్కులు."

ఏటంట, ఏటంట అని చిలకమ్మ నా మొహంలోకి చూస్తన్నాది. మొదటి మూడింట్లో ఉన్నాడమ్మా, ఉద్యోగానికి పెట్టుకోవచ్చు అని చెప్పాలి. తల మాత్రం ఊపాను. ఆమె ఫోను గుండెకి ఆనించుకుని అక్కడే ఇసుకలో కూలబడింది. నా కళ్లంట నీళ్లు కారిపోతన్నాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. తాడు వదులవుతన్నాది, లాగమని వెనక నుంచి వీరన్న కేకేశాడు. ఏడుస్తూనే లాగాను.