వెలగని ఎర్ర బోర్డు

క్రిస్టినాది పెంటపాడు. తాడేపల్లిగూడెంలో డిప్లొమా చదివి, ఆరేళ్లుగా ఒక చిన్న విమానాశ్రయంలో లైట్ల విభాగంలో పనిచేస్తోంది. ఏలూరులో గది అద్దెకు తీసుకుని రోజూ స్కూటర్ మీద వెళ్లి వస్తుంది. రన్‌వే అంచున దీపాలు, విమానాలు నేలమీద నడిచే దారుల పక్కన బోర్డులు వెలుగుతున్నాయో లేదో చూడటం, పాడైతే బాగుచేయడం, సాయంత్రం లాగ్ బుక్‌లో రాయడం ఆమె పని.

ఆ బోర్డుల్లో ముఖ్యమైనది ఎర్రది. ఎర్ర పలక మీద తెల్ల అంకెలు ఉంటాయి. పార్కింగ్ నుంచి వచ్చిన విమానం దాని దగ్గర ఆగాలి. కంట్రోల్ టవర్ అనుమతి లేకుండా విమానం ఆ బోర్డు దాటిందంటే రన్‌వే మీదకు చొరబడినట్టే.

జనవరి రెండో వారంలో ఒక సాయంత్రం ఆ బోర్డు ఆరిపోయింది. కింద కేబుల్ జాయింట్‌లోకి నీరు చేరింది. కొత్త జాయింట్ స్టోర్‌లో లేదు. క్రిస్టినా వెళ్లి సూపర్‌వైజర్ కామరాజుకు చెప్పింది.

"రేపు మధ్యాహ్నానికి హైదరాబాద్ నుంచి వస్తుందమ్మా," అన్నాడాయన. "ఈ ఒక్క పూటకీ లాగ్‌లో ఓకే అని పెట్టేయండి. వెలగట్లేదని రాస్తే ఆ దారి మూసేస్తారు. పొద్దున్న ఫ్లైట్లు రెండూ ఆగిపోతాయి."

"మంచు పడితేనండీ?"

"నాలుగు రోజులుగా పడట్లేదు కదమ్మా."

కామరాజు చెడ్డవాడు కాదు. ఆమె చేరిన కొత్తలో పని నేర్పింది ఆయనే. ఆమె లాగ్ బుక్‌లో టిక్కు పెట్టి సంతకం చేసింది.

మర్నాడు ఐదింటికి ఏలూరులో బయల్దేరేసరికి కొల్లేటి వైపు నుంచి మంచు కమ్ముకుని ఉంది. రోడ్డు పక్క చేపల చెరువులు కూడా కనపడలేదు. ముందు పోతున్న లారీ వెనక లైట్లు చూసుకుంటూ బండి నడిపింది. విమానాశ్రయం చేరగానే స్టోర్‌లోంచి ఎర్ర బ్యాటరీ లైటు ఒకటి తీసుకుని జీపెక్కింది. విమానాలు కదిలేలోపు దాన్ని బోర్డు ముందు పెట్టాలని ఆమె ఆలోచన. టవర్‌లో విమానాలకు అనుమతులిచ్చే సాయిదుర్గకు వాకీటాకీలో "ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తున్నానండీ" అని మాత్రం చెప్పింది. బోర్డు సంగతి చెబితే టిక్కు సంగతీ చెప్పాలి.

మంచులో జీపు మెల్లగా పోయింది. ఆమె బోర్డు దగ్గర దిగేసరికి మొదటి విమానం అనుమతితో దాటిపోయి రన్‌వే చివర ఎగరడానికి సిద్ధంగా ఉందని వాకీటాకీలో తెలిసింది. టవర్ నుంచి చూసినా అది కనపడదు. ఇంతలో వెనక ఇంజన్ చప్పుడు వినిపించింది. మంచులోంచి రెండు తెల్ల లైట్లు బయటికొచ్చాయి. రెండో విమానం. ఆగుతుందనుకుంది. అది వేగం తగ్గించలేదు. క్రిస్టినా ఎర్ర లైటు ఎత్తి ఊపింది. విమానం ముక్కు ఆమెను దాటిపోయింది.

"సాయిదుర్గ గారూ, రెండోది రన్‌వే మీదకి వెళ్లిపోతోందండీ! మొదటిదాన్ని ఆపండి, ఆపండి!"

సాయిదుర్గ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మొదటి విమానాన్ని ఆగమని చెప్పింది. మొదటి విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. మంచు అవతల నుంచి బ్రేకుల చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది. తర్వాత కొలిస్తే, రెండింటికీ మధ్య మిగిలింది మూడు వందల మీటర్లు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ మధ్యాహ్నమే జాయింట్ వచ్చింది. కామరాజు దగ్గరుండి మార్పించాడు. మూడో రోజు విచారణాధికారి వచ్చేసరికి బోర్డు చక్కగా వెలుగుతోంది. అందరూ క్రిస్టినాను మెచ్చుకున్నారు. రెండో విమానం పైలట్ హర్షవర్ధన్‌ను మాత్రం డ్యూటీ నుంచి తప్పించారు.

"బోర్డు వెలుగుతోందని లాగ్‌లో ఉంది. మీరు చూసుకోలేదా?" అని అధికారి ఆయన్ను అడిగారు.

"నాకు కనపడలేదండీ. కనపడితే ఆగేవాణ్ణి." ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు తన కళ్ల మీద తనకే నమ్మకం లేనట్టుంది.

తర్వాత క్రిస్టినాను పిలిచారు. "ఆ టైములో సరిగ్గా అక్కడే ఎందుకున్నారమ్మా?"

ఆమె లాగ్ బుక్‌లో తన సంతకం మీద వేలు పెట్టింది. "బోర్డు వెలగట్లేదని నాకు తెలుసండీ. ముందురోజు సాయంత్రమే ఆరిపోయింది. ఓకే అని పెట్టింది నేనేనండీ."

"ఎవరైనా పెట్టమన్నారా?"

"సూపర్‌వైజర్ గారు అడిగారండీ. సంతకం మాత్రం నాదే."

బయట కామరాజు కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. "మీరు చెప్పకపోయినా మనకి గడిచిపోయేదమ్మా," అన్నాడు, కోపం లేకుండానే.

"ఆ పైలట్ గారికి గడిచేది కాదు కదండీ."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఆయన్ను వేరే ఊరికి బదిలీ చేశారు. క్రిస్టినాను మూడు నెలలు సస్పెండ్ చేశారు. హర్షవర్ధన్ మళ్లీ డ్యూటీలో చేరాడు. మంచు పడిన రోజు మొదటి విమానం కదిలే ముందు ఒక మనిషి ప్రతి బోర్డునూ కళ్లతో చూసి టవర్‌కు చెప్పాలని కొత్త నియమం పెట్టారు.

ఆమె పెంటపాడు వచ్చేసింది. పొలాల్లో రెండో పంటకు దాళ్వా వరి నాట్లు జరుగుతున్నాయి. "అంతమందిని కాపాడితే ఇంటికి పంపేస్తారేంటే?" అంది తల్లి హన్నమ్మ.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు ఆమె ద్వారా ప్రాణాలు నిలబెట్టాడని ఊరంతా అప్పటికే అనుకుంటోంది. ఆమె లేచి, టిక్కు పెట్టిన సాయంత్రం నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. వెనక బల్ల మీద ఎవరో "స్తోత్రం" అనబోయి ఆగిపోయారు. హన్నమ్మ పక్కకు జరిగి కూతురికి చోటిచ్చింది. క్రిస్టినా కూర్చుని పాటల పుస్తకం తెరిచింది.