వితంతువుల జాబితా

బియ్యం టోకెన్లు పంచాలి. ఫారాలు నింపాలి. వితంతువుల జాబితా మండలాఫీసుకు పంపాలి. ఆదివారం తెల్లచీరల పంపకానికి వాళ్ళను స్వామివారి పటం ముందు వరసగా కూర్చోబెట్టాలి.

వాయుగుండం దాటిన నాలుగోరోజు, గురువారంనాడు, ఆశ్రమం మేనేజరు జగన్నాధంగారు నాకు అప్పగించిన పనులివి. నేను పద్మకుమారిని. గరివిడి దగ్గర మా రైతు కుటుంబంలో మొదటి డిగ్రీ నాదే. సోషల్ వర్క్ చదివి ఆశ్రమం సేవావిభాగంలో చేరాను.

సముద్రం ఒడ్డున జాలర్ల పల్లెలో బుల్లమ్మ అనే ఆమెను భర్త గురించి అడిగాను. "యేటకెల్నాడమ్మా" అంది, చేపల వేటకని. ఆమె భర్త గంగులు పడవ వాయుగుండంలో తిరిగి రాలేదని పక్కవాళ్ళు చెప్పారు. సముద్రం మీదికి వెళ్ళినవాణ్ణి, శవం కంటబడేదాకా ఆ తీరంలో ఎవరూ పోయాడనరు. నాకది తెలియదు. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. వితంతువైతే పింఛను తొందరగా వస్తుందని గంగులు పేరు పక్కన 'మృతి' అని రాశాను. ఎదుటివాళ్ళు చెప్పిన మాటే రాయాలని కాలేజీలో నేర్పారు. నేను జాలిపడి నా మాట రాశాను.

శనివారం ఆమె గాలింపు పడవ కోసం మండలాఫీసుకెళితే గుమస్తా నా జాబితా చూపించాడు. చచ్చినవాడి కోసం పడవ పంపరట.

ఆదివారం తెల్లచీరల పంపకానికి పల్లె ఆడవాళ్ళంతా రంగుచీరలు కట్టుకుని వచ్చారు.

"నా మొగుడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారమ్మా?" అని బుల్లమ్మ నన్నే అడిగింది.

జగన్నాధంగారు సర్దబోయారు. "ఇది స్వామి ప్రసాదమమ్మా. కళ్ళకద్దుకుని తీసుకోండి."

ముసలి లక్ష్మణమ్మ ఒక చీర తీసి ఆయన చేతిలోనే పెట్టింది. "పెసాదమైతే మీ ఇంట్లోవోల్లకి ముందల కట్టించు, నాయినా."

చీరలన్నీ వేదిక మీదికే తిరిగొచ్చి కుప్పపడ్డాయి. నేను నా దగ్గరున్న జాబితా నకలులో 'మృతి' అన్న మాట కొట్టేసి, తప్పు నాదని మైకులో చెప్పాను. ఉద్యోగం అక్కడే పోయింది. అందరం, వాయుగుండం పనులకని ఆదివారమూ తెరిచే ఉన్న మండలాఫీసుకు నడిచి గేటు ముందు కూర్చున్నాం. పోలీసులు బుల్లమ్మతో పాటు పదకొండుమందిని వ్యానెక్కించారు. ఖాళీ అయిన చోట మరో నలభైమంది కూర్చున్నారు. సాయంత్రానికి పడవ కదిలింది.

మంగళవారం ఒడిశా వైపు గంగులు దొరికాడు. ఆగిపోయిన ఇంజను పక్కన, ఖాళీ నీళ్ళ డబ్బా మీద చెయ్యేసి పడుకుని ఉన్నాడు. ప్రాణం పోయి రెండు రోజులేనని డాక్టరు అన్నాడు.

నేను రాసిన రోజు అతను బతికే ఉన్నాడు.

బుల్లమ్మ మీద కేసు ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకూ పల్లె పల్లెంతా కోర్టుకు కదులుతుంది. ఇప్పుడక్కడ ఆశ్రమం వచ్చినా, ఆఫీసరు వచ్చినా, రాసింది అందరి ముందూ చదివి వినిపించాకే వేలిముద్ర. చదువుకుని ఈ పల్లెలకు సేవకొచ్చే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, గంగులును మరిచిపోకండి.